ముందు వైద్యం, తర్వాతే బిల్లు: ఆసుపత్రి ఖర్చులు, రోగి హక్కులపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఆసుపత్రి మెట్లెక్కాల్సి వచ్చిన కుటుంబాల కోసం ఈ పేజీ. రోగి ఇప్పటికే క్యాజువాలిటీలో ఉంటే మొదటి నాలుగు జవాబులు చదవండి చాలు. మిగతావి కాస్త ఊపిరి తీసుకున్నాక చూసుకోవచ్చు.

డిపాజిట్ కడితేగానీ చేర్చుకోం అంటున్నారు. అలా అనే హక్కు ఆసుపత్రికి ఉందా?

మనిషి ప్రాణాపాయంలో ఉంటే లేదు. 1989లో పరమానంద్ కటారా కేసులో సుప్రీంకోర్టు ఈ మాట తేల్చేసింది. సర్కారీ డాక్టరైనా, ప్రైవేటు డాక్టరైనా ప్రాణం నిలబెట్టడం మొదటి బాధ్యత, పోలీసు లాంఛనాల పేరుతో దాన్ని ఆలస్యం చేయడానికి వీల్లేదు అంది. రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కే దీనికి ఆధారం. 1996లో పశ్చిమ బెంగాల్ నుంచి మరో కేసు వచ్చింది. రైలు నుంచి పడిపోయిన ఒక కూలీని ఒకదాని తర్వాత ఒకటిగా ప్రభుత్వాసుపత్రులు తిప్పి పంపాయి. సకాలంలో వైద్యం అందించకపోవడం జీవించే హక్కును కాలరాయడమేనని, పరిహారం కట్టాల్సిందేనని కోర్టు చెప్పింది.

చట్టంలోనూ ఇదే ఉంది. 2010 నాటి క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం 12వ సెక్షన్ ప్రకారం, అత్యవసర స్థితిలో వచ్చిన రోగిని తనకున్న సిబ్బంది, సదుపాయాల మేరకు పరీక్షించి, పరిస్థితి స్థిరపడేదాకా చికిత్స చేయాల్సిన బాధ్యత ఆసుపత్రిది. తెలంగాణ ఈ కేంద్ర చట్టాన్నే స్వీకరించింది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఆసుపత్రుల నమోదుకు 2002లో చేసిన వేరే చట్టం ఉంది. సుప్రీంకోర్టు తీర్పులు మాత్రం ఎక్కడైనా ఒక్కటే.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా తెలుసుకోవాలి. ఈ హక్కు వల్ల వైద్యం ఉచితమైపోదు. ఆసుపత్రి తర్వాత బిల్లు వేస్తుంది, అడుగుతుంది. డబ్బు చేతిలో పడేదాకా రోగిని స్ట్రెచర్ మీదే ఉంచడం మాత్రం కుదరదు. ముందే తేదీ కుదుర్చుకున్న ఆపరేషన్‌కు అడ్వాన్సు అడిగితే అది వేరే విషయం, అడగొచ్చు.

కౌంటర్ దగ్గర ఎలా మాట్లాడాలి?

ముందుగా బిల్లింగ్ కౌంటర్‌ను వదిలి డ్యూటీ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. డబ్బు అడిగే మనిషి, చికిత్స మొదలుపెట్టే మనిషి వేర్వేరు. చట్టబాధ్యత డాక్టర్ మీద నేరుగా ఉంటుంది కాబట్టి ఆ మాట అక్కడే పనిచేస్తుంది. కుటుంబంలో ఒకరు రోగి పక్కనే ఉండాలి, ఇంకొకరు కౌంటర్ సంగతి చూడాలి. అందరూ కౌంటర్ దగ్గరే గుమిగూడితే రోగి పరిస్థితి దిగజారుతున్నా చెప్పేవాళ్లుండరు.

అనాల్సిన మాట ఇది: "ఇది ఎమర్జెన్సీ. ముందు పేషెంటును చూడండి, డబ్బు సంగతి మేం పక్కన మాట్లాడుకుంటాం. చూడలేకపోతే ఎందుకు చూడలేకపోతున్నారో కాగితం మీద రాసి, టైము వేసి, సంతకం పెట్టి ఇవ్వండి." రాతపూర్వకంగా అడగడం వాదనకు దిగడం కంటే బాగా పనిచేస్తుంది, ఎందుకంటే నిరాకరించినట్టు రాసివ్వడానికి ఏ డాక్టరూ సులువుగా ఒప్పుకోరు. అయినా కదలకపోతే అత్యవసర సహాయ నంబరు 112కు ఫోన్ చేయండి. గొంతు పెంచడం, అద్దాలు పగలగొట్టడం వల్ల రోగికే నష్టం. సిబ్బంది తలుపులు వేసుకుంటారు, కేసు మీమీద పడుతుంది.

అసలు ఎంత సమయం ఉంటుంది? అప్పు తెచ్చేదాకా ఆగితే ఏమవుతుంది?

జబ్బును బట్టి ఉంటుంది. గుండెపోటు అనుమానంతో వచ్చిన మనిషికి లోపలికి వచ్చిన 10 నిమిషాల్లో ఈసీజీ తీయాలి. గడ్డ కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలనుకుంటే 30 నిమిషాల్లో, యాంజియోప్లాస్టీ చేయాలనుకుంటే 90 నిమిషాల్లో మొదలవ్వాలని వైద్య ప్రమాణాలు చెబుతాయి. ఆలస్యమైన కొద్దీ గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది, అది తిరిగి రాదు. పక్షవాతంలో గడ్డ కరిగించే మందుకు మామూలుగా నాలుగున్నర గంటలే గడువు. అదీ లక్షణాలు మొదలైన క్షణం నుంచి లెక్క. మందుకు ముందు సీటీ స్కాన్ తప్పనిసరి కాబట్టి, స్కాన్ డబ్బులు కట్టలేదని కూర్చోబెట్టిన అరగంట కూడా ఆ గడువులోంచే పోతుంది. ఇన్ఫెక్షన్ ఒంటికంతా పాకి బీపీ పడిపోయిన రోగికి మొదటి గంటలోనే యాంటీబయాటిక్ పడాలి. కాన్పు తర్వాత ఆగని రక్తస్రావం గంట, రెండు గంటల్లోనే తల్లిని తీసుకుపోగలదు.

డిపాజిట్ కోసం మెడలో గొలుసు తాకట్టు పెట్టి తిరిగి వచ్చేసరికి రెండు గంటలు ఇట్టే గడిచిపోతాయి. నివారించదగిన మరణాలని లెక్కల్లో రాసేవాటిలో ఇలాంటి గంటలు చాలా ఉన్నాయి.

ఛాతీనొప్పి వస్తే ఇంకో దారి గుర్తుంచుకోండి. దగ్గర్లోని ప్రభుత్వాసుపత్రిలో ఈసీజీ తీసి, గుండెపోటని తేలితే గడ్డ కరిగించే టెనెక్టెప్లేస్ ఇంజెక్షన్‌ను ఉచితంగా ఇచ్చే కార్యక్రమం ఆంధ్రప్రదేశ్‌లో నడుస్తోంది. దూరంలో ఉన్న పెద్ద ఆసుపత్రికి రెండు గంటలు ప్రయాణం చేసే బదులు ముందు ఆ ఇంజెక్షన్ పడి, ఆ తర్వాత పెద్దాసుపత్రికి వెళ్తే బతికే అవకాశం పెరుగుతుంది.

"బెడ్లు లేవు, వేరే చోటికి తీసుకెళ్లండి" అంటే?

నిజంగానే లేకపోవచ్చు. వెంటిలేటర్ లేని చోట వెంటిలేటర్ పెట్టమని చట్టమూ అడగదు. అయినా చేయగలిగినంత చేసే పంపాలి: ఆక్సిజన్, సెలైన్, రక్తం కారుతుంటే ఆపడం, ఫిట్స్ వస్తుంటే ఇంజెక్షన్. ఆ తర్వాత రిఫరల్ చీటీ ఇవ్వాలి. అందులో వచ్చిన టైము, పంపిన టైము, బీపీ, నాడి, ఇచ్చిన మందులు, పంపడానికి కారణం ఉండాలి. ఈ చీటీ లేకపోతే రెండో ఆసుపత్రి అన్నీ మొదటి నుంచి మొదలుపెడుతుంది, ఇచ్చిన మందే మళ్లీ ఇచ్చే ప్రమాదమూ ఉంది.

బయల్దేరే ముందే ఆ రెండో ఆసుపత్రికి డాక్టర్ చేత ఫోన్ చేయించండి. అక్కడ బెడ్ ఉందో లేదో తెలియకుండా ఆటోలో బయల్దేరడమే చాలామంది విషయంలో కొంప ముంచుతోంది. ప్రయాణం 108లో చేయండి, ఆ సేవకు డబ్బు కట్టక్కర్లేదు.

రోడ్డు ప్రమాదం జరిగింది. ఎఫ్ఐఆర్ లేదు, చేతిలో డబ్బూ లేదు.

మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ ప్రకారం లాంఛనాల కోసం ఆగకుండా వెంటనే వైద్యం చేయాలి. మెడికో లీగల్ కేసుగా, అంటే పోలీసు విచారణ అవసరమైన కేసుగా రాసుకుని పోలీసులకు సమాచారమివ్వడం ఆసుపత్రి పని. అది చికిత్సతో పాటు జరగాలి, చికిత్సకు ముందు కాదు.

డబ్బు సంగతికొస్తే, రోడ్డు ప్రమాద బాధితులకు నగదురహిత చికిత్స పథకాన్ని కేంద్రం 2025 మే 5న నోటిఫై చేసింది. మోటారు వాహనం వల్ల ఏ రోడ్డు మీద ప్రమాదం జరిగినా, ప్రమాదం జరిగిన రోజు నుంచి ఏడు రోజుల వరకు, ఒక్కొక్కరికి రూ.1.5 లక్షల దాకా పథకంలో చేరిన ఆసుపత్రిలో చికిత్స అందాలి. పథకంలో లేని ఆసుపత్రికి తీసుకెళ్తే పరిస్థితి స్థిరపడేదాకా అయిన ఖర్చుకే వర్తిస్తుంది. బాధితుడి ఆదాయం, తెల్లకార్డు ఏవీ చూడరు. ఇది అమలు కావాలంటే ప్రమాదం సంగతి పోలీసుల ధ్రువీకరణకు వెళ్లాలి కాబట్టి 112కు తప్పకుండా ఫోన్ చేసి, ప్రమాదం జరిగిన చోటు, సమయం చెప్పండి. ఆసుపత్రి వాళ్లకు ఈ పథకం తెలియదంటే పథకం పేరు చెప్పి, ఇన్సూరెన్స్ డెస్క్‌ను అడగమనండి.

గాయపడినవాళ్లను ఆసుపత్రికి చేర్చిన దారినపోయేవారిని ఎవరూ ఆపకూడదు, డిపాజిట్ అడగకూడదు, పేరూ ఫోన్ నంబరూ చెప్పమని ఒత్తిడి చేయకూడదు. 2019 సవరణతో వచ్చిన 134ఏ సెక్షన్ వారికి రక్షణ. పోలీసులు పిలుస్తారన్న భయంతో మనిషిని రోడ్డు మీద వదిలేయాల్సిన అవసరం ఇప్పుడు లేదు. భారత్‌లో 2022 ఒక్క ఏడాదే రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు.

అత్యాచార, యాసిడ్ దాడి బాధితుల విషయంలో?

ఏ ఆసుపత్రి అయినా, ప్రైవేటైనా సరే, వెంటనే ఉచితంగా వైద్యం చేయాలి, పోలీసులకు తెలపాలి. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 397వ సెక్షన్ ఇది. చేయకపోతే భారతీయ న్యాయ సంహిత 200వ సెక్షన్ కింద బాధ్యులకు ఏడాది దాకా జైలు. ఇక్కడ "తర్వాత బిల్లు" అన్న మాట కూడా లేదు.

ఆరోగ్యశ్రీ ఉంది. అయినా "ఈ కేసుకు వర్తించదు" అంటున్నారు.

ఒక్కోసారి నిజం, ఒక్కోసారి కాదు. పథకం జబ్బుల జాబితా ప్రకారం కాకుండా చికిత్సా విధానాల జాబితా ప్రకారం నడుస్తుంది. ఒకే జబ్బుకు ఒక విధానం జాబితాలో ఉండి, ఇంకోటి లేకపోవచ్చు. అందుకే "మా నాన్నకు ఏ ప్రొసీజర్ చేయబోతున్నారు, అది జాబితాలో ఉందా?" అని అడగండి. అడగాల్సింది బిల్లింగ్ గుమస్తాను కాదు, పథకంలో చేరిన నెట్‌వర్క్ ఆసుపత్రిలో రోగులకు సాయంగా ఉండే ఆరోగ్యమిత్రను. అత్యవసరమైతే ఫోన్‌లోనే అనుమతి తీసుకునే ఏర్పాటు ఉంది, కాగితాలు తర్వాత పంపొచ్చు. రెండు రాష్ట్రాల్లోనూ 104కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయొచ్చు.

తెలంగాణలో కుటుంబానికి ఏడాదికి పరిమితి రూ.10 లక్షలు, 2023 డిసెంబరు 9 నుంచి. ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ పేరుతో నడుస్తున్న పథకానికి రూ.25 లక్షలు. ప్యాకేజీలో పరీక్షలు, మందులు, ఆపరేషన్, ఇంప్లాంట్, రోగికి భోజనం, డిశ్చార్జి తర్వాత పది రోజుల మందులు కలిసే ఉంటాయి. ప్యాకేజీకి అనుమతి వచ్చాక "మంచి రకం ఇంప్లాంట్ వేస్తాం, తేడా కట్టండి" అని చేతికి రసీదు ఇవ్వకుండా డబ్బు తీసుకుంటే అది ఫిర్యాదు చేయాల్సిన విషయం. రసీదు అడగండి. ఇవ్వకపోతే ఫోన్‌పే, గూగుల్‌పేలోనే కట్టండి, సాక్ష్యం మిగులుతుంది.

70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో పనిలేకుండా ఆయుష్మాన్ వయో వందన కార్డు 2024 అక్టోబరు 29 నుంచి ఇస్తున్నారు. రూ.5 లక్షల దాకా వర్తిస్తుంది. విచారణకు 14555.

పథకం ఆగిపోయేది ఎక్కడో కూడా చెప్పాలి. ప్రభుత్వం బకాయిలు చెల్లించలేదని 2025లో రెండు రాష్ట్రాల్లోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపిన సందర్భాలున్నాయి. ఖజానాలో ఆగిన ఫైలు చివరికి డయాలసిస్ రోగి దగ్గరికి "ఇవాళ చేయం" అన్న మాటగా చేరుతుంది. ఇలా జరిగితే జిల్లా ప్రధానాసుపత్రిలో గానీ, బోధనాసుపత్రిలో గానీ అదే చికిత్స అడగండి. అవీ పథకంలోనివే.

చేరేటప్పుడే ఏం అడిగి పెట్టుకోవాలి?

అంచనా రాతపూర్వకంగా అడగండి. రోజుకు గది అద్దె ఎంత, ఐసీయూ ఎంత, డాక్టర్ ఒకసారి చూస్తే ఎంత, ప్యాకేజీ అయితే అందులో ఏమేం కలిసి లేవు అన్నవి అందులో ఉండాలి. కేంద్ర నియమాల ప్రకారం ఆసుపత్రులు ప్రతి సేవ ధరనూ స్థానిక భాషలోనూ, ఇంగ్లీషులోనూ కనబడే చోట పెట్టాలి. ఆ బోర్డును ఫోన్‌లో ఫొటో తీసుకోండి. తర్వాత బిల్లు పక్కన పెట్టి చూడటానికి దానికి మించినది లేదు.

చేరిన మర్నాటి నుంచి రోజూ సాయంత్రం ఆ రోజు బిల్లు తీసుకోండి. పదో రోజున పాతిక పేజీల బిల్లు ఒక్కసారిగా చేతిలో పెడితే అందులో ఏది తప్పో పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. అదే రోజు కాగితమైతే ఆ రోజు స్కాన్ జరిగిందో లేదో మీకు గుర్తుంటుంది.

బిల్లులో తప్పులు ఎక్కడ దొరుకుతాయి?

ఎక్కువగా దొరికే చోట్లు ఇవి. ఐసీయూ నుంచి వార్డుకు మార్చిన రోజు రెండు గదుల అద్దె పూర్తిగా పడుతుంది. డిశ్చార్జి అయిన రోజు మధ్యాహ్నం దాటిందని మరో రోజు అద్దె వేస్తారు, ఆలస్యం ఆసుపత్రి బిల్లింగ్ వల్లే అయినా సరే. వెంటిలేటర్ తీసేశాక కూడా ఆ చార్జీ కొనసాగుతూ ఉంటుంది. రోజువారీ చికిత్స రాసే కేస్ షీట్‌లో వెంటిలేటర్ తీసిన గంట రాసి ఉంటుంది, దాంతో పోల్చండి. ఆక్సిజన్ గంటల లెక్కలో వేస్తారు కాబట్టి అక్కడా ఇదే పద్ధతి. రాని డాక్టర్ విజిట్ ఉందేమో నర్సుల నోట్స్‌లో చూడొచ్చు. ఒకే ప్యానెల్‌గా చేసిన రక్తపరీక్షను విడివిడిగా ఐదు పరీక్షలుగా రాస్తారు.

అన్నిటికంటే పెద్ద చిల్లు ఫార్మసీలో ఉంటుంది. వార్డుకు తెప్పించి వాడకుండా వెనక్కి పంపిన మందులు బిల్లులో తగ్గాయా? రోజుకు ఎన్ని జతల గ్లౌజులు వేశారు? ఒక రోగికి ఒక రోజులో వాడటం సాధ్యంకానన్ని సిరంజిలు ఉంటే అడగండి. మొత్తం అంకె మాత్రమే ఉన్న బిల్లును ఒప్పుకోవద్దు. ప్రతి వస్తువూ తేదీతో, పరిమాణంతో, ధరతో ఉన్న బిల్లు అడగండి. బిల్లు ఇవ్వకపోవడాన్ని వినియోగదారుల రక్షణ చట్టం అనుచిత వ్యాపార పద్ధతుల్లో చేర్చింది.

మందులు వాళ్ల ఫార్మసీలోనే కొనాలా?

జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారుచేసిన రోగుల హక్కుల పత్రం ప్రకారం మందులు, పరీక్షలు ఎక్కడ చేయించుకోవాలన్నది రోగి ఇష్టం. కానీ ఆ పత్రం దానంతటదే చట్టం కాదు. 2025 మార్చిలో సుప్రీంకోర్టు ఈ విషయంలో తానే ఆదేశాలు ఇవ్వకుండా, విధానం రూపొందించుకోవాలని రాష్ట్రాలకు వదిలేసింది. కాబట్టి ఆచరణలో ఇలా చేయండి: ఐసీయూలో తక్షణం ఇచ్చే మందుల దగ్గర పట్టుబట్టొద్దు, ఆలస్యం రోగికే ముప్పు. రోజుల తరబడి వాడే ఖరీదైన యాంటీబయాటిక్, ఆల్బుమిన్, క్యాన్సర్ మందుల్లాంటివి బయట కొంటామని రాసివ్వండి. బిల్లుతో, బ్యాచ్ నంబరుతో తెచ్చివ్వండి.

ఎమ్మార్పీకే అమ్మాం కదా అంటారు. అసలు మాయ ఆ ఎమ్మార్పీలోనే ఉంది. 2018లో జాతీయ ఔషధ ధరల సంస్థ ఢిల్లీ ప్రాంతంలోని నాలుగు పెద్ద ప్రైవేటు ఆసుపత్రుల బిల్లులు పరిశీలించినప్పుడు కొన్ని వస్తువుల మీద లాభం 1,737 శాతం దాకా ఉన్నట్టు తేలింది. ఆసుపత్రి తక్కువకు కొంటుంది, డబ్బా మీద ఎక్కువ ధర అచ్చవుతుంది, చట్టం దాటినట్టు కనబడదు. ప్రభుత్వం ప్రకటించిన అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నవాటికి మాత్రం గరిష్ఠ ధర ఉంటుంది. మందుల ధరలు చూపే ఫార్మా సహీ దామ్ యాప్‌లో మందు పేరు కొట్టి చూడండి. ఎక్కువ తీసుకుంటే 1800 111 255కు ఫిర్యాదు చేయొచ్చు.

స్టెంట్, మోకాలి చిప్ప ధరలకు పరిమితి ఉందా?

ఉంది. 2017 ఫిబ్రవరిలో మందు పూసిన స్టెంట్‌కు రూ.29,600, మామూలు లోహపు స్టెంట్‌కు రూ.7,260గా మొదట నిర్ణయించారు. టోకు ధరల సూచీని బట్టి ఇవి మారుతుంటాయి కాబట్టి ఆ ఏడాది అంకె చూసుకోవాలి. అదే ఏడాది ఆగస్టులో మోకాలి మార్పిడికి ఎక్కువగా వాడే కోబాల్ట్ క్రోమియం ఇంప్లాంట్‌కు రూ.54,720 పరిమితి పెట్టారు. స్టెంట్ ధరను బిల్లులో విడిగా, బ్రాండు, తయారీదారు, బ్యాచ్ నంబరుతో చూపించాలి. డబ్బా మీది స్టిక్కర్ కేస్ షీట్‌లో అంటిస్తారు, దాని నకలు తీసుకోండి. ఎన్ని స్టెంట్లు వేశారన్న అనుమానం తీరేది అక్కడే. ఒకటి మాత్రం గమనించాలి: పరిమితి వస్తువుకే ఉంది, ప్రొసీజర్ చార్జీకి లేదు. స్టెంట్ ధర తగ్గినచోట స్టెంట్ వేసే గది, అంటే క్యాథ్ ల్యాబ్ చార్జీ పెరిగితే ఆ నియంత్రణ దాన్ని పట్టుకోలేదు.

జీఎస్టీ, రక్తం చార్జీలు?

ఐసీయూ కాని గది అద్దె రోజుకు రూ.5,000 దాటితేనే 5 శాతం జీఎస్టీ. చేరిన రోగికి చికిత్సలో భాగంగా ఇచ్చే మందుల మీద వేయకూడదు. రక్తాన్ని అమ్మకూడదు, ప్రాసెసింగ్ చార్జీ మాత్రమే తీసుకోవాలి. తలసీమియా రోగులకు అదీ తీసుకోకూడదు.

ఇన్సూరెన్స్ క్యాష్‌లెస్ అనుమతి కోసం రోజంతా కూర్చోబెట్టారు.

2024 మే 29న బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ గడువులు పెట్టింది. క్యాష్‌లెస్ అభ్యర్థనపై గంటలో నిర్ణయం చెప్పాలి. డిశ్చార్జి అనుమతి ఆసుపత్రి నుంచి అభ్యర్థన అందిన మూడు గంటల్లో రావాలి. ఆలస్యం వల్ల ఆసుపత్రి అదనంగా వసూలు చేసేది ఉంటే బీమా సంస్థే భరించాలి. రోగి మరణిస్తే వెంటనే పరిష్కరించి, భౌతికకాయం అప్పగించేలా చూడాలి.

గడియారం ఆసుపత్రి పంపిన క్షణం నుంచి మొదలవుతుంది, డాక్టర్ "ఇంటికి వెళ్లొచ్చు" అన్న క్షణం నుంచి కాదు. చాలాసార్లు ఆలస్యం అక్కడే. డిశ్చార్జి సమ్మరీ టైప్ కాక ఆసుపత్రి ఫైలు పంపదు, కుటుంబం బీమా సంస్థను తిడుతూ ఉంటుంది. ఎన్ని గంటలకు పంపారో, ఆసుపత్రిలో బీమా ఫైళ్లు చూసే టీపీఏ డెస్క్‌లో చూపించమనండి.

పాలసీ రూ.5 లక్షలకు ఉంది. బిల్లు రూ.2.82 లక్షలే. అయినా రూ.72 వేలు మమ్మల్ని కట్టమన్నారు. ఎందుకు?

గది అద్దె పరిమితి వల్ల అయి ఉంటుంది. పాలసీలో రోజుకు రూ.5,000 గది అని ఉండి, మీరు రూ.8,000 గదిలో నాలుగు రోజులు ఉన్నారనుకుందాం. గది అద్దె రూ.32,000లో రూ.20,000 వస్తుంది. అక్కడితో ఆగదు. డాక్టర్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, మత్తు, నర్సింగ్ అన్నీ కలిపి రూ.1,60,000 అయితే, వాటికీ ఎనిమిదింట ఐదు వంతుల లెక్క వర్తించి రూ.1,00,000 మాత్రమే ఇస్తారు. మిగిలిన రూ.90,000 మందులు, ఇంప్లాంట్లు, పరీక్షలవి. వాటిమీద ఈ కోత వేయకూడదు. రోజుకు రూ.3,000 తేడా గది చివరికి రూ.72,000 భారమైంది.

మీ బిల్లులో మందుల మీద, ఇంప్లాంట్ మీద, పరీక్షల మీద కూడా కోత పడితే అది నిబంధనకు విరుద్ధం. ఐసీయూ చార్జీల మీదా ఈ దామాషా కోత ఉండకూడదు. గదిని బట్టి చార్జీలు మారని ఆసుపత్రిలో అసలు ఈ కోతే వేయకూడదు. ఈ మూడూ చూసుకుని లేఖ రాస్తే చాలాసార్లు కొంత డబ్బు వెనక్కి వస్తుంది. పరిమితి ఉన్న పాలసీ అయితే చేరేటప్పుడే ఆ లోపు గది అడగడం అన్నిటికంటే మేలు.

క్లెయిమ్ తిరస్కరించారు. ఇక అంతేనా?

కాదు. పాలసీలోని ఏ షరతు కింద తిరస్కరించారో రాతపూర్వకంగా చెప్పాలి. "పాత జబ్బు దాచారు" అన్నదే తరచుగా చెప్పే కారణం. పాలసీ ఎడతెగకుండా 60 నెలలు నడిచి ఉంటే, మోసం నిరూపిస్తే తప్ప ఆ కారణం చెప్పడానికి వీల్లేదు. ముందు సంస్థ ఫిర్యాదుల అధికారికి రాయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చింది నచ్చకపోయినా ఏడాదిలోగా హైదరాబాద్‌లోని బీమా అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, రూ.50 లక్షల దాకా పరిహారం ఇచ్చే అధికారం ఉంది. ఐఆర్‌డీఏఐ సహాయ నంబరు 155255.

బిల్లు బాకీ ఉందని పేషెంటును పంపడం లేదు. చనిపోయినవాళ్ల శరీరం ఇవ్వడం లేదు.

ఆపే అధికారం ఆసుపత్రికి లేదు. బాకీ ఉంటే వసూలుకు సివిల్ కోర్టు ఉంది. మనిషిని బందీగా పెట్టుకోవడం అక్రమ నిర్బంధమే, భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద నేరం. బిల్లు వివాదం కారణంగా రోగిని గానీ, మృతదేహాన్ని గానీ ఆపరాదని రోగుల హక్కుల పత్రం కూడా స్పష్టంగా చెబుతోంది. 112కు ఫోన్ చేసి "బిల్లు కోసం ఆపేశారు" అన్న మాటతోనే మొదలుపెట్టండి. పోలీసులు "అది మీకూ ఆసుపత్రికీ మధ్య సంగతి" అంటే జిల్లా వైద్యారోగ్య శాఖాధికారికీ, కలెక్టరేట్‌కూ వెంటనే తెలపండి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థను 15100 ద్వారా అందుకోవచ్చు.

ఎంత ఒత్తిడి ఉన్నా రెండు పనులు చేయొద్దు. ఖాళీ చెక్కు ఇవ్వొద్దు, తర్వాత ఎంత అంకైనా వేసి చెక్ బౌన్స్ కేసు పెట్టొచ్చు. ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. ఆ క్షణానికి డబ్బు కట్టి బయటపడక తప్పదనిపిస్తే బిల్లు నకలు మీద "అభ్యంతరంతో చెల్లిస్తున్నాం" అని రాసి, తేదీ వేసి ఫొటో తీసుకోండి. తర్వాత బిల్లును ప్రశ్నించడానికి అది ఆధారం.

మరణానికి కారణం తెలిపే వైద్య ధ్రువపత్రం ఫీజు లేకుండా ఇవ్వాలి. మరణాన్ని 21 రోజుల్లో నమోదు చేయించాలి. ఆ హడావుడిలో చాలామంది ఈ కాగితం తీసుకోవడం మరిచిపోతారు, తర్వాత బీమా దగ్గర ఇబ్బంది పడతారు.

కేస్ షీట్ అడిగితే డిశ్చార్జి సమ్మరీ చేతిలో పెట్టారు.

రెండూ వేరు. సమ్మరీ ఆసుపత్రి రాసుకున్న సారాంశం. కేస్ షీట్‌లో రోజువారీ నోట్స్, నర్సుల చార్టులు, మందులిచ్చిన గంటలు, అంగీకార పత్రాలు ఉంటాయి. 2002 నాటి వైద్య మండలి నియమాల ప్రకారం రాతపూర్వకంగా అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి, మూడేళ్లు భద్రపరచాలి. ఉత్తరం ఇచ్చి రెండో కాపీ మీద స్టాంపు వేయించుకోండి, లేదా రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. సలహాకు విరుద్ధంగా వెళ్లిపోతున్నాం అని సంతకం పెట్టి బయటికి వచ్చినా ఈ హక్కు పోదు.

అసలు ఆసుపత్రి ధరలను ప్రభుత్వం ఎందుకు నిర్ణయించదు?

నిర్ణయించే నియమం 2012 నుంచి ఉంది. రాష్ట్రాలతో సంప్రదించి కేంద్రం నిర్ధారించే ధరల శ్రేణిలోనే వసూలు చేయాలని క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ నియమాల్లో తొమ్మిదో నియమం చెబుతోంది. ఆ శ్రేణి నిర్ధారణ జరగలేదని 2024 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు కేంద్రాన్ని గట్టిగా నిలదీసింది. చేయలేనిదేమీ కాదు. కోవిడ్ కాలంలో, 2020 జూన్‌లో తెలంగాణ ప్రభుత్వం రోజుకు ఐసొలేషన్ వార్డుకు రూ.4,000, ఐసీయూకు రూ.7,500, వెంటిలేటర్‌తో ఐసీయూకు రూ.9,000గా ధరలు నిర్ణయించింది. అప్పుడూ మందులు, ఖరీదైన పరీక్షలు బయటే ఉండిపోయాయి, వసూళ్లు ఆ దారిన సాగాయి. ధర నిర్ణయిస్తే మొత్తానికి నిర్ణయించాలి.

మరో లోటు ఇంకా పెద్దది. అత్యవసర చికిత్స ఇవ్వాల్సిందేనని కోర్టులు అన్నాయి, ఆ ఖర్చు ఆసుపత్రికి ఎవరిస్తారో ఎవరూ చెప్పలేదు. ఇచ్చేవాళ్లు లేని హక్కు కౌంటర్ దగ్గర గొడవగా మారుతుంది. రోడ్డు ప్రమాదాలకు 2025 పథకం ఆ ప్రశ్నకు జవాబిచ్చింది. గుండెపోటుకు, పక్షవాతానికి, పాముకాటుకు, కాన్పు రక్తస్రావానికి అలాంటి జవాబు అందరికీ వర్తించేలా ఇంకా రాలేదు. ముందుగా డబ్బు కట్టకుండా అత్యవసర వైద్యం, కట్టలేనివారి ఖర్చు ప్రభుత్వమే ఇవ్వడం అన్నది రాజస్థాన్ 2023లో ఆరోగ్య హక్కు చట్టంగా ఆమోదించింది. తెలుగు రాష్ట్రాల్లో అడగాల్సింది ఇదేనని మా అభిప్రాయం.

2018లో లాన్సెట్ పత్రికలో వచ్చిన అధ్యయనం ప్రకారం భారత్‌లో ఏడాదికి దాదాపు 24 లక్షల మంది చికిత్సకు లొంగే జబ్బులతోనే చనిపోతున్నారు. అందులో సుమారు 16 లక్షలు వైద్యం అందినా నాణ్యత లేక, 8 లక్షలకు పైగా వైద్యమే అందక. ధరలు, డిపాజిట్లు మాత్రమే సరిచేస్తే రెండో అంకె తగ్గుతుంది. మొదటిది తగ్గాలంటే అనుభవమున్న నర్సులు, ఇన్ఫెక్షన్ల అదుపు, మరణాల సమీక్ష కావాలి.

ఫిర్యాదు ఎక్కడ, ఎలా?

అనుమతి, ధరల బోర్డు, అత్యవసర నిరాకరణ అయితే జిల్లా వైద్యారోగ్య శాఖాధికారికి. డాక్టర్ ప్రవర్తన అయితే రాష్ట్ర వైద్య మండలికి. ఆ మండలి డాక్టర్ మీదే చర్య తీసుకోగలదు, మీ డబ్బు ఇప్పించలేదు. డబ్బు వెనక్కి, పరిహారం కావాలంటే వినియోగదారుల కమిషన్. 1995లో సుప్రీంకోర్టు వైద్య సేవలను ఈ చట్టం కిందికి తెచ్చింది. మీరు కట్టిన మొత్తం రూ.50 లక్షల లోపైతే జిల్లా కమిషన్‌కే వెళ్లాలి. రూ.5 లక్షల లోపైతే ఫీజు లేదు. గడువు రెండేళ్లు. ముందుగా వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి చూడొచ్చు, చిన్న బిల్లు వివాదాలు అక్కడే తేలిపోతుంటాయి.

ఎక్కువ వసూలు చేశారన్న కేసు సులువు, కాగితాలే మాట్లాడతాయి. నిర్లక్ష్యం కేసుకు మాత్రం అదే విభాగపు మరో డాక్టర్ అభిప్రాయం దాదాపు తప్పదు, కాబట్టి రెండింటినీ కలిపి ఒకే ఫిర్యాదులో కుక్కేముందు ఆలోచించండి. అందరికీ ఉచితంగా వైద్యం చేసే ప్రభుత్వాసుపత్రి మీద ఈ కమిషన్‌కు వెళ్లలేరు. అక్కడ జరిగిన నిరాకరణకు కలెక్టర్‌కు, రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు రాయాలి, లేదా హైకోర్టులో రిట్ వేయాలి. రిట్‌కు లాయర్‌ను పెట్టుకునే స్తోమత లేకపోతే 15100కు ఫోన్ చేయండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది.